గోధుమ విత్తే ముందు గట్టు గడ్డి సంగతి: వైరస్ తెగుళ్లను దాచుకునే గడ్డిని వెతికి తీసే పద్ధతి

ప్రతి జనవరిలో నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. గోధుమ ఆకు కొస పసుపెక్కి ఉంటుంది. మొక్క గిడసబారి ఉంటుంది. కింద ఒకటే ప్రశ్న: "ఏం కొట్టాలి?"

అప్పటికి కొట్టడానికి ఏమీ ఉండదు. వైరస్ ఒకసారి మొక్కలోకి పోయాక దాన్ని చంపే మందు ఏ షాపులోనూ దొరకదు. ఈ పని చేయాల్సింది అక్టోబర్‌లో, అదీ గోధుమ మీద కాదు, గట్టు మీద.

హైదరాబాద్‌లో ఉంటూ చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్, జహీరాబాద్ వైపు అరెకరమో ఎకరమో గోధుమ వేసుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. వారంలో ఒక్క ఆదివారమే చేనుకు వెళ్లగలిగే వాళ్లని దృష్టిలో పెట్టుకున్నాను.

1. ముందు ఇది తెలిస్తే మిగతాది తేలిక

గోధుమకు వచ్చే వైరస్‌లలో చాలావాటికి గోధుమ ఒక్కటే ఇల్లు కాదు. గరిక, ఊద, గడ్డి జొన్న, మొక్కజొన్న, సజ్జ లాంటి గడ్డిజాతి మొక్కల్లో ఏదో ఒకదాంట్లో ఎండాకాలం, వానాకాలం గడిపి, గోధుమ మొలవగానే దిగుతాయి. మోసుకొచ్చే వాహకం మాత్రం ఒక్కో వైరస్‌కి ఒక్కోటి.

*పేనుబంక.* బార్లీ ఎల్లో డ్వార్ఫ్ వైరస్‌ని ఇదే మోస్తుంది. పేరులో బార్లీ ఉన్నా గోధుమకూ, ఓట్స్‌కూ, వందకు పైగా గడ్డిజాతులకూ సోకుతుంది. మొక్కజొన్న సుడిలో గుంపులుగా కనిపించే నీలి పచ్చ పేనుబంక కూడా దీన్ని మోసే రకాల్లో ఒకటి. వైరస్ ఎక్కిన పేనుబంక బతికున్నన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. పుట్టే పిల్లలకు మాత్రం తల్లి నుంచి రాదు, అవి జబ్బు మొక్కను పీల్చాలి. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు.

*దీపపు పురుగులు.* ఆకు మీద చెయ్యి పెడితే పక్కకు గెంతే చిన్న పురుగులు. గోధుమను పొట్టిగా చేసే డ్వార్ఫ్ వైరస్‌లు వీటితో వస్తాయి. మన దేశపు గోధుమలో దొరికిన రకానికి 2012లో వీట్ డ్వార్ఫ్ ఇండియా వైరస్ అని పేరు పెట్టారు.

*నల్లి.* కంటికి ఆనదు, మిల్లీమీటర్‌లో ఐదో వంతు ఉంటుంది. రెక్కలు లేవు, గాలిలో కొట్టుకొస్తుంది. వీట్ స్ట్రీక్ మొజాయిక్ వైరస్‌ని మోస్తుంది. అమెరికా మైదానాల్లో గోధుమ రైతులకు పెద్ద తలనొప్పి ఇదే. నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం దీని గురించే ఉంటాయి, అందుకే చదివి కంగారుపడకండి.

*మట్టి.* చాలామందికి తెలియనిది ఇదే. వేరుశనగలో గుబురు తెగులు తెచ్చే ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్ గోధుమకు కూడా సోకుతుంది. అందులో ఒక రకానికి హైదరాబాద్ పేరే ఉంది, మన చుట్టుపక్కల నేలల్లోనే దొరికింది కాబట్టి. మట్టిలో, గడ్డిజాతి మొక్కల వేర్లలో బతికే పాలిమిక్సా అనే సూక్ష్మజీవి దీన్ని మోస్తుంది. దాని బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోగలవు.

మన వైపు నేను ముందు చూసుకునేవి పేనుబంక, మట్టి. మీ పొలంలో ఇంతకుముందు వేరుశనగ వేస్తే గుండ్రటి మచ్చల్లో మొక్కలు గిడసబారేవా? ఆ మాట పాత కౌలు రైతునో, పక్క చేను వాళ్లనో తప్పకుండా అడగండి.

2. సంచిలో ఏమేం పెట్టుకోవాలి

- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. నల్లిని చూడాలంటే 20 రెట్లది
- పసుపు రంగు ప్లాస్టిక్ బేసిన్, కొంచెం సర్ఫ్ నీళ్లు
- రెండు తెల్ల చార్ట్ పేపర్లు
- కొడవలి, ఖుర్పీ, గరిక కోసం గడ్డపార
- కర్ర మేకులు, రంగు గుడ్డ పీలికలు
- జిప్ కవర్లు, మార్కర్, నోట్‌బుక్

ఫోన్ ఉందిగా, నోట్‌బుక్ ఎందుకు అంటారేమో. గట్టు మీద మట్టి చేతులతో ఒకసారి ఫోన్ తీసి చూడండి, తెలుస్తుంది.

3. సెప్టెంబర్ చివరి ఆదివారం: చేను చుట్టూ నడక

బతుకమ్మకు గునుగు కోసుకురావడానికి ఎలాగూ గట్ల వెంట తిరుగుతారు. ఆ నడకలోనే ఇది కూడా అయిపోతుంది. నోట్‌బుక్‌లో చేను బొమ్మ గీసి, నాలుగు వైపులా ఏ గడ్డి ఎంత ఉందో రాయండి. గడ్డిని నాలుగు రకాలుగా విడగొడితే చాలు. అన్నిటికీ శాస్త్రీయ నామాలు అక్కర్లేదు.

*తనంతట మొలిచిన పంట మొక్కలు.* వానాకాలం మొక్కజొన్న కోసినప్పుడు రాలిన గింజల మొలక, నరికిన జొన్న మోళ్ల నుంచి వచ్చే పిలకలు, కిందటేడు గోధుమ కళ్లం చేసిన చోట మొలిచిన నాలుగు మొక్కలు. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదం వీటితోనే. పురుగుకు ఇష్టమైన తిండి ఇదే, వైరస్‌కీ అనుకూలం, మనకేమో "పోనీలే, పచ్చగా ఉంది కదా" అనిపిస్తుంది.

*ఏడాదంతా ఉండే గడ్డి.* గరిక, గడ్డి జొన్న. కోసినా వేరు నుంచి మళ్లీ లేస్తాయి. వినాయక చవితికి వెతికి తెచ్చుకునే గరికే, అక్టోబర్‌లో చేను అంచున చాపలా పరుచుకుని ఉంటుంది.

*వానలతో వచ్చి వానలతో పోయేవి.* ఊద, తిప్పరాగి, కొర్ర కంకిలా ఉండే గడ్డి. అక్టోబర్‌లో గింజ పట్టి వాటంతటవే పండిపోతాయి. బోరు కాల్వ పక్కన ఉన్నవి మాత్రం నవంబర్‌లో కూడా పచ్చగానే ఉంటాయి. వాటి మీద కన్నేయండి.

*పెంచుకునే పశుగ్రాసం.* సూపర్ నేపియర్, గినీ గడ్డి, మేత జొన్న. మీదే కావచ్చు, పక్కవాళ్లది కావచ్చు.

తుంగ గురించి చాలామంది అడుగుతారు. చూడటానికి గడ్డిలాగే ఉన్నా అది వేరే కుటుంబం. కాడ తెంపి వేళ్ల మధ్య తిప్పండి, మూడు అంచులు తగిలితే తుంగ. కలుపుగా తీయాల్సిందే కానీ ఈ వైరస్‌ల జాబితాలో దాన్ని చివర పెట్టండి.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. గడ్డి మీద పసుపు చారలో మచ్చలో ఉంటేనే వైరస్ ఉన్నట్టు అనుకుంటారు. చాలా గడ్డిజాతులు వైరస్‌ని కడుపులో పెట్టుకుని కూడా నిగనిగలాడుతూ ఉంటాయి. అందుకని ఆకు రంగు చూసి "ఇది మంచి గడ్డి" అని వదిలేయకండి. రకం, దూరం, దాని మీద ఉన్న పురుగు, ఈ మూడింటినీ బట్టి తేల్చుకోవాలి.

4. పురుగు లెక్క

ఉదయం ఎనిమిది లోపు చేయండి. ఎండెక్కితే దీపపు పురుగులు చేతికి దొరకవు.

1. గడ్డి కింద చార్ట్ పేపర్ పట్టి, గుప్పెడు గడ్డిని పది సార్లు కొట్టండి. కాగితం మీద పడి నెమ్మదిగా పాకేవి పేనుబంక, టక్కున గెంతేవి దీపపు పురుగులు.
2. జొన్న, మొక్కజొన్న పిలకల సుడి విప్పి లోపల చూడండి. పేనుబంక ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే పైన పేనుబంక ఉన్నట్టే.
3. ఆకు అంచు సన్నగా గొట్టంలా చుట్టుకుని ఉంటే దాన్ని విప్పి, 20 రెట్ల భూతద్దంతో చూడండి. తెల్లగా, చిన్న దారం ముక్కల్లా కదిలేవి నల్లి.
4. పసుపు బేసిన్‌లో సర్ఫ్ నీళ్లు పోసి గట్టు మీద పెట్టి, ఇంటికి బయల్దేరే ముందు చూడండి. రెక్కల పేనుబంక పడిందంటే అది ఎగిరి ఊళ్లు తిరుగుతోందని అర్థం.

ఎన్ని పడితే ప్రమాదం అని నంబర్ అడగొద్దు. ఇక్కడ లెక్క వేస్తున్నది గట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి. ఎక్కువ పడిన గట్టు ముందు శుభ్రం చేయాలి, అంతే.

5. ఏది తీయాలి, ఏది ఉంచాలి

అన్నీ గొరిగేయడం తెలివైన పని కాదు. గట్టు మీద గరిక లేకపోతే మొదటి పెద్ద వానకే మట్టి కాల్వలోకి జారుతుంది. అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా ఆ గడ్డిలోనే ఉంటాయి. పేనుబంకను తినేవి అవే కదా.

నేను పాటించేది ఇది:

- చేను లోపల మొలిచిన పంట మొక్కలు, జొన్న పిలకలు: ఒక్కటి కూడా ఉంచను
- గోధుమ సాలు నుంచి రెండు మూడు గజాల లోపు ఉన్న ఏ గడ్డయినా: వేరుతో తీస్తాను
- గట్టు అవతలి వాలు మీద గరిక: పొట్టిగా కోసి ఉంచుతాను
- వాటంతటవే ఎండుతున్న వానాకాలం గడ్డి: గింజ రాలక ముందు కోస్తాను, వేరు జోలికి పోను
- బోరు కాల్వ పక్కన పచ్చగా ఉన్నది: మొత్తం తీస్తాను

పక్కవాళ్ల సూపర్ నేపియర్ మాటేంటి? అది వాళ్ల బర్రెల మేత, తీసేయమని చెప్పలేం. నాలుగు మంచి మాటలు చెప్పి, గోధుమ మొలిచే ముందే ఒక కోత కోసుకోమని అడగండి. కుదరకపోతే ఆ వైపు నాలుగైదు సాళ్లు శనగో, ధనియాలో వేయండి. అవి గడ్డిజాతి కావు కాబట్టి పేనుబంక, నల్లి మోసే గోధుమ వైరస్‌లకు ఇల్లు కావు. మొక్కజొన్నో జొన్నో అడ్డుగా వేస్తే మాత్రం మనమే వాటికి తలుపు తీసినట్టవుతుంది.

6. తీసే వరుస: అసలు కిటుకు తేదీల్లోనే ఉంది

మూడేళ్ల కింద చేవెళ్ల దాటాక ఉన్న మా అరెకరంలో గోధుమ మొలిచి పది రోజులైంది. పడమటి గట్టు మీద గరిక, జొన్న పిలకలు మోకాలెత్తు. "ఇవాళ గట్టు శుభ్రం చేద్దాం" అన్నాను. పనికొచ్చిన అక్క కొడవలి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఇప్పుడు కోస్తే గీ పురుగంత యాడికి పోతది సార్? ఎదురుంగ పచ్చగున్న చేన్లకే గద."

నేను వినలేదు. మధ్యాహ్నానికి గట్టు గుండు కొట్టినట్టు శుభ్రమైంది, ఫొటో కూడా తీసుకున్నాను. మూడు వారాలకు ఆ గట్టు పక్క ఆరు సాళ్లు వరసగా పసుపెక్కాయి. మిగతా చేను బాగానే ఉంది. ఆ ఆరు సాళ్లలో కంకులు నా బొటనవేలంత కూడా రాలేదు.

తిండి పోయిన పురుగు పక్కనున్న లేత గోధుమ మీదికి దిగుతుంది. మొక్క ఎంత చిన్నప్పుడు వైరస్ పడితే నష్టం అంత ఎక్కువ. కాబట్టి గడ్డి తీయడం, అది పూర్తిగా ఎండటం, పురుగు చెదిరిపోవడం, ఇవన్నీ గోధుమ మొలవక ముందే అయిపోవాలి. గడ్డి ఎండిన రోజు నుంచి గోధుమ మొలిచే రోజు దాకా కనీసం రెండు వారాలు తీసిన చోట పచ్చనిదేదీ ఉండకూడదు. నల్లి అయితే పచ్చటి ఆకు లేకుండా కొద్ది రోజులకు మించి బతకలేదు.

నవంబర్ 10 ప్రాంతంలో విత్తేవాళ్లకు ఆదివారాల లెక్క ఇలా వస్తుంది.

*అక్టోబర్ మొదటి ఆదివారం.* చేను లోపల మొలిచిన మొక్కజొన్న, జొన్న పిలకలు వేరుతో పీకాలి. మోడు నరికితే మళ్లీ పిలక వేస్తుంది, గడ్డపారతో లేపాలి. పురుగు ఎక్కువ పడిన గట్టు కూడా ఇవాళే.

*రెండో ఆదివారం.* మిగతా గట్లు. చేను మధ్య నుంచి బయటికి కాకుండా, బయటి గట్టు నుంచి లోపలికి రావాలని కొందరు చెబుతారు. చేనులో ఇంకా పంటే లేదు కాబట్టి ఎటు నుంచి మొదలుపెట్టినా తేడా రాదు. పీకిన గడ్డిని మాత్రం గట్టు మీదే కుప్ప వేయొద్దు. గరిక కణుపు తడి తగిలితే చాలు, కుప్ప కింద మళ్లీ వేరు పోస్తుంది. బర్రెలకు వేయండి, లేదా ఎండలో పలచగా పరచండి. మేత ద్వారా పశువుకు ఏమీ కాదు, ఇవి మొక్కల వైరస్‌లు.

*మూడో ఆదివారం.* మళ్లీ లేచినవి. ఎంత బాగా తీసినా ఆఖరి వానలకు మళ్లీ చిగురిస్తాయి. చాలామంది ఈ వారం డుమ్మా కొడతారు, దసరా దీపావళి ప్రయాణాల వల్ల కూడా. మొత్తం పని నిలిచేదీ పోయేదీ ఇక్కడే. రాలేకపోతే కూలి ఇచ్చి అయినా చేయించండి.

*అక్టోబర్ చివరి ఆదివారం.* పనేమీ ఉండకూడదు. నడిచి చూడటమే. పచ్చగా కనిపించింది కనిపించినట్టు ఖుర్పీతో లేపండి.

గడ్డి మందు కొడదామా అంటే, గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022 అక్టోబర్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అరెకరం గట్టుకు అంత తతంగం అక్కర్లేదు. ఇద్దరు మనుషులు రెండు పూటల్లో చేసేస్తారు. ఎలాగైనా మందు కొట్టించాల్సి వస్తే, కొట్టిన రోజు నుంచి కాకుండా గడ్డి పూర్తిగా చచ్చిన రోజు నుంచి రెండు వారాలు లెక్కపెట్టండి.

ట్రాక్టర్ విషయం ఒకటుంది. అద్దె కల్టివేటర్ ఏ చేను మట్టి అంటుకుని వచ్చిందో మనకు తెలియదు. మట్టిలో ఉండే వైరస్ ఒక చేను నుంచి మరో చేనుకు పోయే దారి అదే. దున్నే ముందు పళ్లకు ఉన్న మట్టి గీకించి, ఒక బకెట్ నీళ్లు కొట్టించండి. డ్రైవర్ విసుక్కుంటాడు. చాయ్ తాగించండి.

7. విత్తనం, విత్తే రోజు

ఇక్కడ ఎక్కువ చెప్పను. బయటి రాష్ట్రాల నుంచి తెప్పించిన విత్తనంలో అడవి ఓట్లు, ఉత్తరాదిన గుల్లీ దండా అనే గడ్డి గింజలు కలిసి ఉండొచ్చు. ఒకసారి వచ్చాయంటే ఏటా కొత్త గడ్డి తోడైనట్టే. జల్లెడ పట్టండి: చిన్న గింజలు కిందికి పోతాయి. నీళ్లలో పోసి తేలినవి తీసేసి, విత్తనాన్ని నీడలో ఆరబెట్టండి.

పేనుబంక గట్టిగా కనిపించిన ఏడాది ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తన శుద్ధి చేయొచ్చు, మోతాదు డబ్బా మీద ఉన్నదే. మొదటి కొన్ని వారాలు కాపాడుతుంది. నల్లికి, మట్టిలోని వైరస్‌కి మాత్రం ఇది పనిచేయదు.

వేరుశనగలో గుబురు మచ్చలు వచ్చిన నేల అయితే తొందరపడి అక్టోబర్‌లో విత్తకండి. పాలిమిక్సాకు తడితో పాటు వెచ్చదనం కావాలి. నేల చల్లబడ్డాక విత్తిన గోధుమకు ఆ బెడద తగ్గుతుంది. అలాగని డిసెంబర్‌కు నెట్టేస్తే ఫిబ్రవరి ఎండకు గింజ సన్నబడుతుంది. నవంబర్ మధ్య దాకా ఆగడం నాకు కుదిరిన రాజీ.

8. మొలిచాక 40 రోజులు

- గట్టు గడ్డి ముట్టుకోవద్దు. పైన చెప్పిన ఆరు సాళ్లు గుర్తుంచుకోండి
- పసుపు బేసిన్ వారానికోసారి పెట్టి చూడండి
- మొదటి తడి 21 రోజుల ప్రాంతంలో ఇచ్చేటప్పుడు చేనంతా నడవండి, అంచు సాళ్లు ముందు
- చేనులో మొలిచిన గడ్డిని 30 రోజుల లోపు చేత్తో తీయండి. చేను లోపలి గడ్డి చిన్నగా ఉన్నప్పుడు దాని మీద పురుగు పెద్దగా చేరి ఉండదు, కాబట్టి ఇది ప్రమాదం కాదు

గట్టు ముందే శుభ్రం చేయలేకపోయారా? అప్పుడు రెండు దారులు. విత్తడం పది పదిహేను రోజులు వెనక్కి జరపగలిగితే జరిపి, ఇప్పుడు తీయండి. ఇప్పటికే మొలిచి ఉంటే గడ్డిని అలాగే వదిలేసి, అంచు సాళ్లలో పేనుబంక కనిపించిన చోట మాత్రం మందు కొట్టి, గోధుమ బాగా పిలకలేసి బలపడ్డాక కోయండి. చూడటానికి బాగోదు, పక్కవాళ్లు నవ్వుతారు, పర్వాలేదు.

9. పసుపు కనిపించింది: వైరసా, ఇంకేదైనానా

పసుపెక్కిన ప్రతి గోధుమా వైరస్ కాదు. నాకు వచ్చే ఫొటోల్లో చాలావరకు నత్రజని లోపమో, నీళ్లు నిలవడమో. ఇంట్లో కూర్చుని టెన్షన్ పడే ముందు చేనులో ఇవి చూడండి.

*ఏ ఆకు?* నత్రజని లోపమైతే కింది ముదురు ఆకులు ముందు పాలిపోతాయి. బార్లీ ఎల్లో డ్వార్ఫ్‌లో పై ఆకులు, ముఖ్యంగా కంకి కిందున్న జెండా ఆకు, కొస నుంచి కిందికి పసుపెక్కుతాయి. కొన్ని రకాల్లో కొస ఊదా రంగుకు తిరుగుతుంది. నడి ఈనె కాసేపు పచ్చగానే నిలబడుతుంది.

*ఏ ఆకారం?* చేనంతా ఒకే తీరుగానో, డ్రిల్లు సాళ్ల వెంబడి పట్టీలుగానో ఉంటే ఎరువు సంగతి. పల్లంలో ఉంటే నీరు. గట్టు పక్కన మొదలై లోపలికి పలచబడుతూ వస్తే, లేదా అక్కడక్కడా గుండ్రటి మచ్చల్లా ఉంటే పురుగు మోసుకొచ్చిన వైరస్‌ని అనుమానించండి. ప్రతి ఏడూ అదే చోట, ముదురు పచ్చగా, గుబురుగా, జానెడు ఎత్తు దాటని మొక్కలు ఉంటే మట్టిని అనుమానించండి.

*వేలితో రుద్దండి.* పసుపు పొడి అంటితే అది తుప్పు తెగులు. అది బూజు జాతి తెగులు, దాని మందుల దారి వేరు.

*యూరియా పరీక్ష.* పసుపు మచ్చలో రెండు గజాల చోట లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం చల్లండి. గుర్తుకు మేకు పాతండి. వచ్చే ఆదివారానికి పచ్చబడితే నత్రజని. ఏ మార్పూ లేకపోతే వైరస్ అనుమానం బలపడుతుంది.

10. శాంపిల్ పంపేటప్పుడు

వైరస్ ఏదో కచ్చితంగా తేలాలంటే ల్యాబ్‌లో ఎలైసా గానీ పీసీఆర్ గానీ పరీక్ష చేయాలి, కన్ను చాలదు. ముందు మీ ఏఈవోని (వ్యవసాయ విస్తరణ అధికారిని) గానీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి. చేవెళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లకు రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం అప్పా జంక్షన్ దాటాక దారిలోనే పడుతుంది. ఏ పరీక్ష చేస్తారో, ఎంత తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి.

- జబ్బు మొక్క నుంచి లేత ఆకులు ఐదారు, మొదలుతో సహా
- అదే చేనులో బాగున్న మొక్క నుంచి అన్నే ఆకులు, వేరే కవర్లో. ఇది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు
- అనుమానమున్న గట్టు గడ్డి ఆకులు, మూడో కవర్లో
- మట్టి అనుమానమైతే వేర్లు, వాటికి అంటుకున్న మట్టి
- కవర్ మీద తేదీ, చోటు, విత్తిన రోజు

ఆకులు తడపకండి, కుళ్లిపోతాయి. స్టీలు టిఫిన్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి తీసుకురండి. ఆదివారం కోసి సోమవారం ఇవ్వాలంటే రాత్రికి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు.

11. మట్టి మీద అనుమానముంటే మేడ మీద కుండీ పరీక్ష

ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కూడా చేసుకోవచ్చు. జులై, ఆగస్టు వెచ్చని రోజుల్లో అనుమానం ఉన్న చోటి మట్టి రెండు కుండీలకు సరిపడా తెచ్చుకోండి. సగం మట్టిని తడిపి, పాత గిన్నెలో వేసి, అరగంటకు తక్కువ కాకుండా ఆవిరి మీద ఉడికించి చల్లార్చండి. ఇంట్లో మట్టి వాసన వస్తుంది, ముందే చెప్పి ఉంచండి. రెండో సగం అలాగే వాడండి. రెండు కుండీల్లోనూ పది పది గోధుమ గింజలు వేసి తడి ఆరకుండా చూడండి.

నెల, నెలన్నరకు ఉడికించని కుండీలో మొక్కలు పొట్టిగా, ముదురు పచ్చగా, లేత ఆకుల మీద పాలిపోయిన చారలతో ఉండి, ఉడికించిన దాంట్లో బాగుంటే ఆ మొక్కల్ని పరీక్షకు పంపండి. ఉడికించిన మట్టిలో మొక్క మామూలుగానే కొంచెం ఏపుగా వస్తుంది. అందుకే ఎత్తు తేడా ఒక్కటే చూసి వైరస్ అని తేల్చేయకండి.

వైరస్ అని తేలితే, మచ్చ చిన్నదైతే ఏప్రిల్, మే నెలల్లో ఆ చోటు తడిపి, పారదర్శక పాలిథిన్ షీట్ కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచండి. మన ఎండకు కింద మట్టి బాగా వేడెక్కుతుంది. మచ్చ పెద్దదైతే తొలకరికి సజ్జ ఒత్తుగా చల్లి, మొలిచిన రెండు వారాలకు వేళ్లతో సహా పీకేయండి. వైరస్ మోసే సూక్ష్మజీవి సజ్జ వేళ్లలోకి చేరుతుంది, అది కొత్త బీజాలు తయారుచేసే లోపు మనం మొక్కను తీసేస్తున్నాం. రెండు వారాలు దాటనిచ్చి "మేతకైనా పనికొస్తుంది" అని ఉంచారో, మట్టిలో దాన్ని మీరే పెంచినట్టు.

ఆ మచ్చలో పండిన గోధుమనూ, కొర్రలనూ, రాగులనూ విత్తనానికి ఉంచుకోకండి. ఈ వైరస్ విత్తనంలోనూ కొద్ది శాతం దాటుతుంది. పిండి పట్టించుకు తినడానికి ఏ ఇబ్బందీ లేదు.

12. కోతయ్యాక ఆ నోట్‌బుక్

మార్చిలో కోత కోసే ముందు పసుపు మచ్చల దగ్గర రంగు గుడ్డ కట్టిన మేకులు పాతండి. సెప్టెంబర్‌లో గీసిన బొమ్మ మీద అవే చోట్లు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు ఏ గట్టు పక్కన పడ్డాయో చూస్తే వచ్చే అక్టోబర్‌లో కూలి ముందు ఎటు పెట్టాలో తెలుస్తుంది. మా బొమ్మలో పడమటి గట్టు పక్కన మూడేళ్ల కిందటి ఎర్ర గీత ఒకటే పొడుగ్గా ఉంది. నిరుడు అక్కడ రెండు చుక్కలు పడ్డాయి. రెండూ బోరు కాల్వ మలుపు దగ్గరే, కాబట్టి ఈసారి మొదటి ఆదివారం పని అక్కడి నుంచి.